అందరి పెళ్లిళ్లలోనూ ఒకే చెయ్యి

ఢిల్లీలో తెలుగువాళ్ల పెళ్లికి పంజాబీ కెమెరామన్‌ను పెట్టుకోవడమంత తెలివితక్కువ పని మరొకటి లేదు. కానీ ఏషియాడ్ అయిపోయి ఇంటింటికీ కలర్ టీవీలు దిగుతున్న ఆ రోజుల్లో తెలుగు కెమెరామన్ కావాలంటే ఎక్కడినుంచి ఊడిపడతాడు? కరోల్‌బాగ్‌లో ఖురానాగారి వీడియో స్టూడియో ఉంది, అందులో టీటూ ఉన్నాడు. బొజ్జ మీద బెల్టు, భుజం మీద కెమెరా, వెనకాల లైటు పట్టుకునే మనిషి. ఎవరింట పెళ్లయినా అతనే దిక్కు.

టీటూ చెడ్డవాడు కాదు. అతని లెక్కలో పెళ్లంటే రెండే ఘట్టాలు: దండలు మార్చుకోవడం, అగ్నిహోత్రం చుట్టూ తిరగడం. ఆ తిరగడాన్ని ఫేరే అంటారు వాళ్లు. అది అయితేనే పెళ్లయినట్టు. తక్కినదంతా పంతులుగారి గొణుగుడు కిందే జమ. అంచేత మన పంతులుగారు ముహూర్తం దగ్గరపడిందని, అడ్డుతెర పట్టించి, వధూవరుల చేతుల్లో జీలకర్ర బెల్లం పెట్టే సమయానికి టీటూ వంటల వైపు పూరీలు ఎక్కడిదాకా వచ్చాయో చూస్తుండేవాడు. కక్కొచ్చినా కల్యాణమొచ్చినా ఆగదంటారు. టీటూ కోసం అసలే ఆగదు. అతను మూతి తుడుచుకుంటూ వచ్చి, "ఫేరే కబ్ హోంగే అంకుల్?" అని పెళ్లికూతురి తండ్రిని అడిగేసరికి, ఆ పిల్ల ఇంకొకరింటి కోడలైపోయి ఉండేది.

మొదట తిరగబడింది వెంకటసుబ్బయ్యగారు. ఏదో మంత్రిత్వశాఖలో సెక్షనాఫీసరు. క్యాసెట్ పట్టుకొచ్చి కౌంటర్ మీద పడేసి, "మా అమ్మాయికి పెళ్లయిందా లేదా? ఇది చూస్తే కాలేదనే అనుకోవాలి. మా వియ్యపురాలు అనేసింది కూడా" అన్నారు. ఖురానాకు ముక్క అర్థం కాలేదు గానీ కోపం మాత్రం అర్థమైంది. లోపలి గదిలోకి తల పెట్టి, "రాఘవ్‌జీ, తుమ్ మద్రాసీ హో, కుఛ్ కరో" అన్నాడు, ఏదో ఒకటి చెయ్యమని. వింధ్యకు దక్షిణాన ఉన్నవాళ్లంతా మద్రాసీలే ఆయనకు. ఆ విషయంలో ఆయన్ని దిద్దే ఓపిక వీరరాఘవులుకు ఎప్పుడో పోయింది.

వీరరాఘవులు ఆ స్టూడియోలో మిక్సింగు చేసేవాడు. టీటూ తీసుకొచ్చిన మూడు నాలుగు క్యాసెట్లలోంచి కావలసినవి ఏరి, ఒక డెక్కులో తిప్పుతూ, రెండో డెక్కులో ఎక్కిస్తూ, మధ్యలో సినిమా పాటలు కలిపి ఒక్క క్యాసెట్‌గా చేయడమే మిక్సింగంటే. తణుకు దగ్గరి మనిషి. డ్రాయింగు పరీక్షలు ప్యాసై, డెబ్భైల్లో ఢిల్లీ వచ్చి, ప్రదర్శనలకు బొమ్మలు వేసే ఒక సర్కారు ఆఫీసులో చేరి, అది పోయాక దుకాణాల బోర్డులు రాసి, పెళ్లి క్యాసెట్లకు నల్ల అట్ట మీద వధూవరుల పేర్లు రాయడానికి ఖురానా దగ్గరికొచ్చి, అక్కడే ఉండిపోయాడు. నలభై అయిదు దాటాయి. పెళ్లి కాలేదు. ముందు చెల్లెళ్ల పెళ్లిళ్లు కానీ అన్నారు, తర్వాత తమ్ముడిది అన్నారు, ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

వెంకటసుబ్బయ్యగారి అమ్మాయికి జీలకర్ర బెల్లం ఎక్కడినుంచి తేవాలి? రాఘవులుకు గోనెసంచి గుర్తొచ్చింది. ఖురానాకు పొదుపు జాస్తి. ఎర్రకోట వెనక ఆదివారం అంగట్లో వాడేసిన క్యాసెట్లు కిలోల లెక్కన కొనుక్కొచ్చేవాడు. వాటి మీదున్నది చెరిపేసి షూటింగుకు వాడటం ఆ స్టూడియో ఆచారం, చెరిపే పని రాఘవులుది. ఆ సంచిలో తెలుగు పెళ్లి ఒకటి ఉన్నట్టు అంతకు ముందు వారమే చూశాడు. బయట పేరు లేదు. తీసినవాడు ఎవరో పెళ్లివారి బంధువే అయి ఉండాలి. చెయ్యి వణుకుతూ, తలలు నరుకుతూ తీశాడు గానీ, ఏది ముఖ్యమో తెలిసినవాడు. సరిగ్గా ముహూర్తం వేళకు దగ్గరకంటా వెళ్లి నిలబడ్డాడు. కింద పెళ్లికొడుకు నడినెత్తి. అడ్డుతెర పక్కనుంచి గోరింటాకు పెట్టిన చెయ్యి ఒకటి తమలపాకుతో వచ్చి, ఒక్క క్షణం గాలిలో ఆగి, నెత్తిమీద ఆనుతుంది. అంతే ఆ ముక్క. మొహాలు లేవు.

రాఘవులు దాన్ని తీసి అతికించాడు. వెంకటసుబ్బయ్యగారు స్టూడియోలోనే కూర్చుని చూశారు. చెయ్యి నెత్తిమీద పడగానే కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఇదండీ పెళ్లంటే" అన్నారు. అది తన కూతురి చెయ్యి కాదని కన్నతండ్రికి తట్టలేదు. ఆయన్ని తప్పుపట్టి లాభం లేదు. పెళ్లి క్యాసెట్‌లో ఎవరికి వాళ్లు తామెలా పడ్డామో చూసుకుంటారు తప్ప పక్కవాళ్లను చూడరు. పైగా పెళ్లికూతుళ్ల చేతులన్నీ గోరింటాకుతో, గాజులతో ఒకేలా ఉంటాయి.

అది మొదలు. ఆ ముక్క మాత్రం వేరే క్యాసెట్ మీదికి ఎక్కించి దాచి, సంచిలోని క్యాసెట్ మిగతా అంతా చెరిపి టీటూకు ఇచ్చేశాడు రాఘవులు. ఆ తర్వాత రెండేళ్లపాటు సరోజినీనగర్ నుంచి షాదరా దాకా ఖురానా స్టూడియో తీసిన ప్రతి తెలుగు పెళ్లిలోనూ పెళ్లికొడుకు నెత్తిన జీలకర్ర బెల్లం పెట్టింది ఆ ఒక్క చెయ్యే. అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఎవరిదో తెలియని చేతిని ఊరందరికీ పంచాడు. టీటూకు మరీ హాయి. పూరీల దగ్గర నిశ్చింతగా ఉండేవాడు.

దేవ్‌నగర్‌లో మేడమీద రాఘవులుకు ఒక గది. ఇంటివాళ్లు మంచివాళ్లే, కనబడితే నమస్తే అంటారు. పొద్దున పాలబూతు దగ్గర రెండు హిందీ ముక్కలు, స్టూడియోలో నాలుగు, అంతటితో ఆ రోజు మాటలు అయిపోయేవి. తెలుగు వినబడేది చెవులకు తగిలించుకున్న హెడ్‌ఫోన్లలోనే. "ఒరేయ్, వదినకు మంచినీళ్లివ్వరా", "బావగారూ, ఇలా రండి" అని ఎవరెవరో ఎవరెవరినో పిలుచుకుంటుంటే, ఆ మాటల మీద సినిమా పాట ఎక్కించేముందు అతను రెండు మూడుసార్లు వెనక్కి తిప్పుకుని వినేవాడు. అతనికి దిగులుగా ఉండేది. దాన్ని ఇంకో పేరుతో పిలవడమెందుకు, దిగులే.

ఆ దిగుల్లోంచి అతనొక పని మొదలుపెట్టాడు. పెళ్లివాళ్లకు అక్కర్లేక తీసేసిన ముక్కల్లోంచి చేతుల్ని ఏరడం. ఖాళీ విస్తళ్లు ఎత్తే చేతులు, కుర్చీలు మడిచే టెంటువాళ్ల చేతులు, కారు అద్దంలోంచి ఊగి ఆగిపోయిన చెయ్యి, ఎవరూ పట్టుకోక ఒళ్లో పడుకున్న ముసలిచెయ్యి. వీటిని ఒకదానివెంట ఒకటి అతికిస్తూ, నాలుగైదింటికి ఒకసారి జీలకర్ర బెల్లం చేతిని దింపేవాడు. మధ్యాహ్నాలు ఖురానా ఇంటికి భోజనానికి వెళ్లినప్పుడు ఇదే పని. ఈ డెక్కు ఆపి, ఆ డెక్కు నొక్కి, బొమ్మ తడబడితే మళ్లీ మొదటికొచ్చి. ఇప్పుడైతే దీనికి వీడియో ఆర్ట్ అని పేరుంది, తెల్లగోడల గదిలో పెట్టి చూపించేవాళ్లూ ఉన్నారు. అప్పుడు దానికి పేరూ లేదు, చూసేవాళ్లూ లేరు. ఎవరి పిచ్చి వారికానందం అనుకుందామన్నా, అతనికి ఆనందంగా కూడా ఉండేది కాదు. ఆ టేపు ఎవరైనా ఒక్కరు కూర్చుని చివరిదాకా చూస్తే బాగుండునని మాత్రం ఉండేది.

ఆ చెయ్యి అతనికి కంఠతా వచ్చేసింది. చిటికెనవేలు కొసన లోపలికి కొంచెం వంకర. ఆనేముందు గాలిలో ఆగుతుంది చూడండి, అక్కడ భయముంది, వెంటనే ధైర్యమూ ఉంది. ఒక్కోసారి ఆ కిందున్న తల తనదే అనుకునేవాడు. ఈ వయసులో ఇదేం బుద్ధి అని తనను తనే తిట్టుకుని, మళ్లీ వెనక్కి తిప్పేవాడు.

ఎనభై ఏడు వేసవిలో ఒక శనివారం మధ్యాహ్నం, ఖురానా భోజనానికి వెళ్లినప్పుడు, ఒకామె వచ్చి కౌంటర్ దగ్గర నిలబడింది. ముప్ఫై లోపే ఉంటుంది. లేతరంగు చీర, భుజాన సంచి, ఎండలో బస్సులు మారి వచ్చిన అలసట.

"ఏమండీ, ఇక్కడ మిక్సింగు చేసేది మీరేనాండీ?" అంది.

రాఘవులు కౌంటర్ అద్దం మీద ఆమె పెట్టిన చెయ్యి వైపు చూస్తున్నాడు. చిటికెనవేలు కొసన వంకర. మొహం చూడకముందే మనిషిని గుర్తుపట్టాడు. రెండేళ్లుగా రోజూ చూస్తున్న చెయ్యి నడిచి తన దగ్గరికే వచ్చిందనుకుని ఒక్క నిమిషం అతనికి ఎంత సంతోషం కలిగిందో చెప్పలేం. ఆ తర్వాత గాజులు లేవని చూశాడు. నుదురు చూశాడు.

"నేనేనమ్మా. కూర్చోండి" అన్నాడు.

ఆమె కూర్చోలేదు. "మాది ఫరీదాబాదండీ. మా పిన్ని కూతురు లీలావతి పెళ్లి మాఘమాసంలో మీరే తీశారంట. ఆ క్యాసెట్టు మొన్న చూశాం. అందులో జీలకర్ర బెల్లం పెట్టేది దాని చెయ్యి కాదు. నాది."

రాఘవులు వీధి వైపు చూశాడు. రచ్చ చేస్తుందేమో, ఖురానా వస్తాడేమో, ఇన్ని పెళ్లిళ్ల వాళ్లకు తెలిస్తే ఇంకేమైనా ఉందా. అందులోనూ ఆమె చెయ్యి ఇప్పుడు ఏ పెళ్లిపందిట్లోకీ రానివ్వని చెయ్యి. అతను ఏదో నసిగేలోగా ఆమే అంది.

"నేనెవరికీ చెప్పలేదు లెండి. చెబితే ముందు నన్నే తిడతారు. నాకు మా క్యాసెట్టు కావాలి. ఆయన పోయాక మా బావగారు వీసీఆర్ అమ్మేశారు. మా పెళ్లి క్యాసెట్టు అందులోనే ఉండిపోయింది. చూసుకోలేదంట. అది మీ దగ్గరికెలా వచ్చిందో నాకక్కర్లేదు. ఇచ్చేయండి చాలు."

రాఘవులు లోపలి గదిలోకి పిలిచి, స్టూలు వేశాడు. ఎలా చెప్పాలో తెలియక, "మీకు అందులో ఏం కావాలమ్మా?" అని అడిగాడు.

"ఫొటోలున్నాయండీ, మొహానికి కరువు లేదు. గృహప్రవేశం దగ్గర మా ఆడపడుచు గుమ్మానికి అడ్డం నిలబడి పేర్లు చెప్పమంది. మనవాళ్లకు తెలిసిందే కదా. మా చిన్నాన్న అదంతా తీశాడు. అది చూద్దామని. మీరు చూసే ఉంటారుగా? చెరిపేయలేదు కదా?"

చెరిపేశాడు. సంచిలో క్యాసెట్ కదా, ఎవరిదీ కాదు కదా అని, గుమ్మాన్నీ పేర్లనూ జోరుగా ముందుకు తిప్పేసి, చేతి ముక్క ఒక్కటి ఉంచుకుని తక్కిన మనుషులందర్నీ చెరిపేశాడు. దాని మీద ఏ పహాడ్‌గంజ్ పెళ్లి ఊరేగింపో నాట్యం చేసి వెళ్లిపోయింది కూడా. నిజం నోటిదాకా వచ్చింది గానీ ఆమె మొహం చూసి వెనక్కి పోయింది.

"ఆ క్యాసెట్ పాడైపోయిందమ్మా. బూజు పట్టేసింది. ఈ ముక్క ఒక్కటే మిగిలింది" అన్నాడు. అక్కడితో ఆగితే బాగుండేది. ఓదార్పుగా ఉంటుందని, "గుమ్మం దగ్గరిది చూశాను నేను. మీవారు గట్టిగా చెప్పారు మీ పేరు. అందరూ నవ్వారు" అన్నాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఆయన చెప్పలేదండీ" అంది. "నేను చెప్పాను. ఆయన ఎంత బతిమాలినా చెప్పలేదు, సిగ్గు. నోరు తెరిచారు, తెరిచి నవ్వేసి, తర్వాత చెబుతాలే అని లోపలికి వచ్చేశారు. ఆ తెరిచినప్పుడు నా పేరు ఆ నోట్లోదాకా వచ్చింది కదా, అది చూద్దామని వచ్చాను." అతని మొహం చూసి, "మీరు చూడలేదన్నమాట" అంది.

"చూడలేదమ్మా" అన్నాడు రాఘవులు. "నేనే చెరిపేశాను. బూజు కూడా అబద్ధమే."

తిట్టి ఉంటే అతనికి తేలికయ్యేది. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. ఒళ్లోని సంచిని సర్దుకుంది. అలా వెళ్లిపోతుందనుకుంటే అతనికి ఎక్కడలేని కంగారు పుట్టింది. చెరిపేసిన దానికి బదులుగా ఇవ్వడానికి తన దగ్గరున్నది ఒక్కటే. "ఒకటి చూపిస్తాను, చూస్తారా?" అని తన చేతుల టేపు పెట్టాడు.

ఎవరైనా ఒక్కరు కూర్చుని చూడాలని అతను కోరుకున్నాడు కదా, ఆమె కూర్చుని మొత్తం చూసింది. విస్తళ్ల చేతులు, కుర్చీల చేతులు, మధ్యమధ్య తన చెయ్యి వచ్చి, ఆగి, దిగడం, మళ్లీ రావడం, ఆగడం, దిగడం. చివరిదాకా ఆమె మొహంలో ఏమీ కదలలేదు. రాఘవులు ఆ మొహాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"ఎందుకండీ ఇది?" అంది చివర్న. వెటకారం లేదు, తెలుసుకుందామనే అడిగింది.

"నాకెవరూ లేరమ్మా" అన్నాడు. అలా అంటాడని అతనికీ తెలియదు.

ఆమె తల ఊపింది. అది జాలో, అర్థం కావడమో అతనికి తెలియలేదు. "ఇందులో ఆయన తల సరిగ్గా కనబడటం లేదు. లీలావతి క్యాసెట్లోనూ మసగ్గానే ఉంది. మంచిది ఉందా?" అంది.

కాపీకి కాపీ తీస్తే అంతే, గోరింటాకు ఎరుపు అలుక్కుపోతుంది, జుట్టు నల్లటి మరకవుతుంది. రాఘవులు ఆ పెళ్లి క్యాసెట్ నుంచి నేరుగా ఎక్కించి దాచిన మొదటి ముక్కను సొరుగులోంచి తీసి పెట్టి, చెయ్యి దిగకముందే బొమ్మను ఆపాడు. ఆమె లేచి టీవీ దగ్గరికి వెళ్లి వంగింది.

"అవిగో. రెండు సుడులు" అంది.

నడినెత్తిన పక్కపక్కనే రెండు సుడులు. కొద్దిగా నూనె రాసిన జుట్టులో ఒకటి ఇటూ ఒకటి అటూ తిరిగి ఉన్నాయి. ఇన్ని వందలసార్లు తిప్పిన ముక్కలో ఆ సుడుల్ని రాఘవులు చూడటం అదే మొదటిసారి.

"రెండు సుడులున్నవాడికి ఇద్దరు పెళ్లాలంట, నువ్వు జాగ్రత్త అని మా వదిన ఒకటే వేళాకోళం. ఈ ఒక్క పెళ్లికే ఏడాది నిండలేదు. ఫ్యాక్టరీకి వెళుతూ మథుర రోడ్డు మీద..." ఆమె టీవీ దగ్గరనుంచి వెనక్కి జరిగింది. "ఆ ఉద్యోగం నాకిచ్చారు. టైపు చేస్తాను. ఆఫీసులో మేడమ్ అంటారు. వీధిలో పిల్లలు ఆంటీ అంటారు. అత్తగారు అసలు పిలవరు. ఆయన ఉన్నన్నాళ్లూ ఇదిగో అనేవారు. పేరు తర్వాత చెబుతాలే అన్నారు కదా, నేనూ తొందరపెట్టలేదు."

రాఘవులు క్యాసెట్ బయటికి తీశాడు. ఆమెకు కాపీ ఇచ్చి అసలుది ఉంచుకోవచ్చు, ఆ స్టూడియోలో అందరికీ చేసేది అదే. కాపీలో సుడులు ఉండవు. అసలుదే ఇవ్వాలనుకున్నాడు. ఇక మీదట తెలుగు పెళ్లిళ్ల సంగతి టీటూ, ఆ దేవుడూ చూసుకుంటారు.

క్యాసెట్ ఇచ్చేముందు అట్ట మీద పేర్లు రాయడం అతని పని కాబట్టి, కుంచె తీసుకుని, "పేర్లేం రాయమంటారు?" అని అడిగాడు.

"పెద్దిరాజు" అంది ఆమె. "మొగుడి పేరు చెబితే ఆయుష్షు తగ్గుతుందని మా అత్తగారు చెప్పనిచ్చేవారు కాదు. ఇప్పుడా భయం లేదు కదండీ."

"మీ పేరు?"

"సీతారత్నం."

రెండు పేర్లూ పక్కపక్కన, తనకొచ్చినంత బాగా రాసి, తడి ఆరేదాకా ఊది ఇచ్చాడు. ఆమె క్యాసెట్‌ను సంచిలో పెట్టుకుని, పైన చీరకొంగు కప్పుకుంది. వెళ్లొస్తానండీ అని, తలుపు దాటి మెట్ల మీదికి వెళ్లింది. రాఘవులు కౌంటర్ దగ్గరే నిలబడిపోయాడు. ఆమె రెండు మెట్లు దిగాక అతనికి ఏమనిపించిందో ఏమో, "సీతారత్నం గారూ" అని పిలిచాడు.

ఆమె ఆగింది. వెంటనే తిరగలేదు. వీధిలో ఆటోలు, స్కూటర్లు రొద పెడుతున్నాయి. కమ్మీ పట్టుకుని అలాగే కాసేపు నిలబడి, తర్వాత వెనక్కి తిరిగి, "ఏమండీ?" అంది.

"ఏం లేదండీ. ఊరికే పిలిచాను" అన్నాడు.

"ఇంకోసారి అనండి" అంది ఆమె.

"సీతారత్నం గారూ" అన్నాడు రాఘవులు. ఆమె విని, తల ఊపి, ఫరీదాబాద్ బస్సు దొరుకుతుందో లేదోనని గబగబా మెట్లు దిగి వెళ్లిపోయింది.